లీగల్‌గా వచ్చాం సరే, అందుకే మంచివాళ్ళమా?

ఎన్నికలు దగ్గరపడినా, టీవీలో ఎవరినో దేశం నుంచి పంపించేయడానికి విమానం ఎక్కిస్తూ కనబడినా, అమెరికాలో మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకే మాట తిరుగుతుంది. "మనం లీగల్‌గా వచ్చాం, లైన్లో నిలబడ్డాం, ట్యాక్సులు కడుతున్నాం. దొంగదారిన వచ్చినవాళ్ళ వల్లే క్రైమ్ పెరుగుతోంది." 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను సంకెళ్ళతో తీసుకొచ్చి అమృత్‌సర్‌లో దింపినప్పుడు కూడా ఇదే మాట. అందులో మనవాళ్ళు లేరులే అన్న ఊరట దానికి అదనం.

లైన్లో నిలబడ్డ మాట నిజమే. గ్రీన్‌కార్డు కోసం పదేళ్ళకు పైగా ఎదురుచూస్తున్నవాళ్ళ కడుపుమంట నాకు తెలియనిది కాదు. కానీ క్రైమ్ గురించి మనం తగిలించే ఆ రెండో ముక్క లెక్కలకు నిలబడదు.

అమెరికాలో చాలా రాష్ట్రాల రికార్డుల్లో అరెస్టయిన మనిషి ఇమిగ్రేషన్ స్టేటస్ ఏమిటో ఉండదు. టెక్సస్‌లో ఉంటుంది. అక్కడ అరెస్టయినవాళ్ళ వేలిముద్రలు ఎఫ్‌బీఐకి, అక్కణ్ణుంచి హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీకి వెళ్తాయి. ఆ మనిషి స్టేటస్ గురించి వచ్చిన జవాబును రాష్ట్రం రికార్డుల్లో భద్రపరుస్తుంది. విస్కాన్సిన్ యూనివర్సిటీలో సోషియాలజీ ప్రొఫెసర్ మైకేల్ లైట్, ఆయన సహచరులు 2012 నుంచి 2018 దాకా ఉన్న ఆ రికార్డులను తిరగేసి 2020లో ఫలితాలు ప్రచురించారు. ఇక్కడే పుట్టిన పౌరులు హింసాత్మక నేరాల్లో అరెస్టయ్యే రేటు, కాగితాలు లేనివాళ్ళ రేటుకు రెండింతలు దాటింది. డ్రగ్స్ కేసుల్లో రెండున్నర రెట్లు. దొంగతనాల్లాంటి ఆస్తి నేరాల్లో నాలుగు రెట్లకు పైనే.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. వేలిముద్రలు ప్రభుత్వం దగ్గర ముందే లేనివాడు అరెస్టయితే అతనికి కాగితాలు లేవన్న సంగతి అప్పుడు బయటపడదు, కాబట్టి లెక్క తక్కువగా కనిపిస్తోందని విమర్శకులు అంటారు. న్యాయమైన ప్రశ్నే. దానివల్ల తేడా కొంత తగ్గవచ్చు, తలకిందులైపోతుందని మాత్రం నేననుకోను. ఎందుకంటే వేలిముద్రలతో సంబంధం లేని ఇంకో లెక్క కూడా ఇదే చెబుతోంది. 1870 నుంచి 2020 దాకా నూట యాభై ఏళ్ళ జనాభా లెక్కలు పట్టుకుని జైళ్ళలో ఎవరున్నారో చూసిన ఆర్థికవేత్తలకు, వలస వచ్చినవాళ్ళు మొత్తం మీద ఇక్కడ పుట్టినవాళ్ళ కంటే ఎక్కువ రేటున జైల్లో ఉన్న కాలం ఒక్కటీ కనబడలేదు. ఈ మధ్య కాలంలోనైతే వాళ్ళు జైల్లో ఉండే అవకాశం 60 శాతం తక్కువ. (ఫెడరల్ జైళ్ళ అంకెలు చూపించి వాదించేవాళ్ళుంటారు. ఒకసారి పంపేశాక మళ్ళీ సరిహద్దు దాటడం ఫెడరల్ నేరం. హత్యలు, దోపిడీలు ఎక్కువగా రాష్ట్రాల కోర్టుల్లో నడుస్తాయి. ఫెడరల్ జైల్లో విదేశీయులు ఎక్కువగా కనిపించకపోతేనే ఆశ్చర్యం.)

అన్ని దేశాలకూ ఈ లెక్క అతకదు. స్వీడన్‌లో నేరాల అనుమానితుల్లో విదేశాల్లో పుట్టినవాళ్ళ వాటా వాళ్ళ జనాభా వాటా కంటే ఎక్కువే. నేను మాట్లాడుతున్నది మనముంటున్న దేశం గురించి.

అయితే స్టేటస్‌కూ నేరానికీ అసలు సంబంధమే లేదా? ఉంది. మనవాళ్ళు అనుకునే రకంగా కాదు, అంతే.

ఇటలీలో 2007 డిసెంబర్‌లో పర్మిట్ల కోసం ఆన్‌లైన్ దరఖాస్తులు పెట్టించారు. పొద్దున్న 8 గంటలకు సైట్ తెరుచుకుంటుంది. ముందు నొక్కినవాళ్ళకు ముందు, కోటా నిండేదాకానే. నిమిషాల్లో నిండిపోయింది. దరఖాస్తు యజమాని పేరు మీద వెళ్తుంది కానీ, ఆ పనివాళ్ళలో చాలామంది అప్పటికే కాగితాలు లేకుండా ఇటలీలోనే ఉన్నారు. పావులో పినోట్టి అనే ఆర్థికవేత్త ఒక పని చేశాడు. కోటా నిండడానికి కాస్త ముందు నొక్కినవాళ్ళనూ, నిండిన వెంటనే నొక్కినవాళ్ళనూ పక్కపక్కన పెట్టి చూశాడు. నెట్ కాస్త నెమ్మదించినంత మాత్రాన మనిషి గుణం మారదు కదా. మరుసటి ఏడు చూస్తే, పర్మిట్ దొరికినవాళ్ళలో నేరాల రేటు దాదాపు సగానికి పడిపోయింది.

ఇది చదివి మనకు హెచ్1బీ ఉద్యోగ వీసాల లాటరీ జరిగే మార్చి నెల గుర్తు రాకపోతే ఎలా? 85,000 హెచ్1బీలకు 2023లో 7.5 లక్షలకు పైగా రిజిస్ట్రేషన్లు పడ్డాయి. లాటరీ తగిలినవాడు ఉత్తముడూ కాదు, తగలనివాడు దొంగా కాదు. తగిలినవాడికి మర్నాడు చేసుకోవడానికి ఒక పని ఉంది, అంతే తేడా. బ్రిటన్‌లో కూడా అంతే. 1990ల చివర్లో ఆశ్రయం కోరి వచ్చినవాళ్ళను పని చేయనివ్వకుండా కూర్చోబెడితే ఆస్తి నేరాలు కొద్దిగా పెరిగాయి, హింస పెరగలేదు. 2004 తర్వాత పని చేసే హక్కుతో వచ్చిన తూర్పు యూరప్ వాళ్ళ వల్ల ఏదీ పెరగలేదు. ఇక్కడ 1986లో రేగన్ సంతకం పెట్టిన చట్టంతో దాదాపు 27 లక్షల మందికి కాగితాలొచ్చాక నేరాలు తగ్గాయనే పరిశోధన తేల్చింది.

స్టేటస్ లేకపోవడం వల్ల జరిగే రెండో పని గురించి మనం ఇంకా తక్కువ మాట్లాడుకుంటాం. అది నోరు నొక్కేస్తుంది. 2017లో హ్యూస్టన్ పోలీస్ చీఫ్ ఆర్ట్ అసెవెడో ఒక లెక్క బయటపెట్టాడు. ఆ ఏడు మొదటి మూడు నెలల్లో హిస్పానిక్‌ల నుంచి వచ్చిన రేప్ ఫిర్యాదులు ముందటేడుతో పోలిస్తే 40 శాతానికి పైగా తగ్గాయి. మిగతావాళ్ళ ఫిర్యాదులు మాత్రం పెరిగాయి. నేరాలు తగ్గాయని ఆయన సంబరపడలేదు, జనం చెప్పడం మానేశారని భయపడ్డాడు.

మనవాళ్ళలో దీనికి వేరే ముఖం ఉంది. గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టులో ఒక ఎంఎస్ కుర్రాడు. క్యాంపస్ బయట పని చేసే అనుమతి లేదు, జీతం క్యాష్‌లో. ఎవరో గన్ చూపించి గల్లా ఖాళీ చేసి, వాడి ఫోన్ కూడా పట్టుకుపోతాడు. 911కి చేస్తే "ఇక్కడ నువ్వేం చేస్తున్నావ్?" అన్న ప్రశ్న వస్తుందని వాడికి టెన్షన్. తెల్లారేసరికి ఆ దోపిడీ జరగనట్టే. దొంగలకు ఈ సంగతి బాగా తెలుసు. కాగితాలు లేకుండా జేబులో క్యాష్‌తో తిరిగేవాళ్ళకు 'నడిచే ఏటీఎం'లని పేరే ఉంది. ఇక భర్త చేయి చేసుకుంటే ఫోన్ ఎత్తడానికి భయపడే, హెచ్1బీ ఉద్యోగుల భార్యలుగా హెచ్4 వీసా మీద వచ్చిన ఆడపిల్లల సంగతి సంఘంలో పనిచేసే ప్రతివాళ్ళకీ తెలుసు. ఆమె స్టేటస్ అతని ఉద్యోగానికి కట్టేసి ఉంది. అతను జైలుకెళ్తే తన వీసా ఏమవుతుందన్నది ఆమె మొదటి ప్రశ్న, దెబ్బలు తర్వాత.

పోనీ మనం అనుకునే ఆ లీగల్ గీత ఎంత లావుంది? ఉద్యోగం పోతే హెచ్1బీ మీద 60 రోజులు. ఆ తర్వాత మనమూ అటువైపే. వీసా గడువు దాటి ఉండిపోవడం దానంతట అది క్రిమినల్ నేరం కాదు, సివిల్ ఉల్లంఘన. 2012లో అరిజోనా కేసులో సుప్రీంకోర్టు కూడా, పంపించేయదగ్గ విదేశీయుడు దేశంలో ఉండటం సాధారణంగా నేరం కాదనే చెప్పింది. ఈ తేడా మనకు ఒకసారి బాగా అవసరపడింది కూడా. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ అనే ఉత్తుత్తి కాలేజీ పేరుతో ప్రభుత్వమే వేసిన వలలో పడి వంద మందికి పైగా విద్యార్థులు అరెస్టయ్యారు. ఎక్కువమంది తెలుగువాళ్ళే. క్రిమినల్ కేసులు పెట్టింది విద్యార్థులను అందులో చేర్పించిన ఎనిమిది మంది మీద. విద్యార్థుల మీద పెట్టినవి సివిల్ ఇమిగ్రేషన్ కేసులు. "మా పిల్లలు నేరస్థులు కారు, స్టేటస్ విషయంలో పొరపాటు జరిగింది" అని ఆ వారం మనం గొంతెత్తి అరిచాం. సరిగ్గానే అరిచాం. హోండురస్ నుంచి వచ్చిన రూఫింగ్ కూలీ విషయానికొస్తే అదే వాదన మన నోట రాదు.

2025 ఏప్రిల్‌లో మరోసారి చూశాం. పోలీసు డేటాబేస్‌లో పేరు తగిలిందని వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల స్టేటస్ నమోదు చేసే ప్రభుత్వ రికార్డులు) రద్దు చేశారు. వాళ్ళలో ట్రాఫిక్ కేసులున్నవాళ్ళూ, కొట్టేసిన కేసులున్నవాళ్ళూ ఉన్నారు. కోర్టులు అడ్డుపడ్డాక వెనక్కి తగ్గారు.

మన తెలుగు సంఘాలు చేయగలిగిన పనులు లేకపోలేదు. నేరానికి బాధితులై పోలీసులకు సహకరించినవాళ్ళ కోసం 2000లో యూ వీసా తెచ్చారు. ఏడాదికి 10,000 మాత్రమే, ఏళ్ళ తరబడి నిరీక్షణ, పోలీసుల సర్టిఫికెట్ కావాలి. అయినా ఉందన్న సంగతి ఆ గ్యాస్ స్టేషన్ కుర్రాడికీ, ఆ హెచ్4 అమ్మాయికీ తెలియాలి. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉందేమో చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యతేనని 2010లో పడీయా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దుకాణంలో చిన్న వస్తువు జేబులో వేసుకుని దొరికితే ఫైన్ కట్టేసి వచ్చేస్తే చాలనుకునే పిల్లలకు ఆ మాట ఆగస్టు ఓరియెంటేషన్‌లోనే చెప్పాలి. మహాసభల్లో ప్రయారిటీ డేట్ల (గ్రీన్‌కార్డు లైన్లో మన స్థానం చెప్పే తేదీల) మీద రెండు గంటలు మాట్లాడే లాయర్లను ఈ రెండిటి మీద ఇంకో ఇరవై నిమిషాలు మాట్లాడమంటే కాదనరు. నిర్వాహకులు అడగాలి.