మొహం చూసి చెప్పుంటే చాలు కదా

ఒక కంపెనీలో ఒక్క రోజులో వందల మందిని ఉద్యోగాల్లోంచి తీసేసి తప్పని పరిస్థితి అంటోందట యాజమాన్యం, ఆ వార్త చదువుతుంటే చేతులు వణికాయండి, ఎందుకంటే విశాఖలో ఐటీ కంపెనీలుండే రుషికొండ ఐటీ హిల్ మీద నాకూ ఇలాగే జరిగింది. పొద్దున్నే బస్సు దిగి కొండెక్కి వెళ్తే గేటు దగ్గర కార్డు పని చెయ్యట్లేదు, నాలుగుసార్లు పెట్టి చూశాను, రోజూ నమస్తే పెట్టే సెక్యూరిటీ ఆయన తల దించుకుని "లిస్టులో మీ పేరు కూడా ఉందమ్మా" అన్నాడు పాపం. నా టిఫిన్ బాక్సు, మా పాప ఫొటో అట్టపెట్టెలో పెట్టి బయటికి పంపించారు. ఉద్యోగం పోయిన బాధ ఉంది గానీ అంతకన్నా, ముందు వారం మీటింగులో మా కంపెనీ పెద్దాయన మనమంతా ఒకే కుటుంబం, ఎవరూ భయపడక్కర్లేదు అన్నారు చూడండి అదే గుచ్చుకుంటోంది, ఆ మాట నమ్మే మా ఆయన పీఎం పాలెంలో ఫ్లాటుకి అడ్వాన్సు కట్టారు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనే కార్మికుల్ని తీసెయ్యాలంటే నెల నోటీసు, చేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం ఇవ్వాలని ఉండేది, ఐటీ వాళ్ళం అది మనకి కాదులే అనుకుని నోరు మూసుకున్నాం. మిగిలిన మా టీమ్ వాళ్ళు ఇప్పటికీ పొద్దున లేవగానే భయంభయంగా మెయిల్ తెరుస్తున్నారంట. ఆ పెద్దాయన ఒక్కసారి కిందికి దిగొచ్చి మా ఎదురుగా నిలబడి చెప్పుంటే ఇంత కోపం ఉండేది కాదు.