పశువుకు అన్నీ తెలుసట!

పాడి రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. పైన ఆవూ దూడా ఉన్న ఫొటో, కింద జోడించిన చేతుల బొమ్మ, మధ్యలో బోలెడంత ధీమా. దాని సారాంశం ఇది: "ఏది తినాలో ఏది తినకూడదో పశువుకు దేవుడే నేర్పాడు. మేత పొలంలో చెత్త ఏరాలన్నది డాక్టర్లు పుట్టించిన భయం. ఇనుము మింగినా పేడలో పోతుంది. అంత భయమైతే ఒక అయస్కాంతం మింగించండి, జీవితాంతం నిశ్చింత. ప్లాస్టిక్ తినేవి పట్నం ఆవులు. మందు కొట్టని పచ్చిమేత ఏదీ విషం కాదు. కంచెకు కరెంటు పెడితే పశువు ఒక్క దెబ్బకే బుద్ధి తెచ్చుకుంటుంది. చచ్చిన పశువును ఊరి బయట వదిలేస్తే ఎండా రాబందులూ చూసుకుంటాయి. మన తాతలు ఇవన్నీ చేశారా? వాళ్ల పశువులు బతకలేదా?"

పంపేవాళ్లు పశువు మీద ప్రేమతోనే పంపుతున్నారు, అందులో అనుమానం లేదు. కాని ఇందులోని మాటలు నమ్మి విప్పి వదిలిన పశువు తిరిగి రాకపోతే ఆ నష్టం సందేశం పంపినవాడిది కాదు. అందుకని ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, పశువుకు తెలుసన్న మాట. ఆవు గాని గేదె గాని మేసే తీరును కాసేపు పక్కన నిలబడి చూస్తే ఈ మాట ఎవరూ అనరు. వాటికి పై దవడలో ముందు పళ్లు ఉండవు. నాలుకను గడ్డి చుట్టూ తిప్పి, దుబ్బు మొత్తాన్ని పట్టి లాగి, అరకొరగా నమిలి మింగేస్తాయి. తీరిగ్గా నమిలేది తర్వాత నెమరు వేసేటప్పుడే. ఆ దుబ్బులో ఒక తీగ ముక్క ఉంటే గడ్డితోపాటే లోపలికి పోతుంది. నెమరుకు తిరిగి వచ్చేది గడ్డి, తీగ కాదు. మేకలూ గొర్రెలూ పెదవులతో ఆకు ఆకూ ఏరుకుంటాయి కాబట్టే వాటిలో తీగ మింగిన కేసులు అరుదు. పోనీ ముక్కు కాపాడుతుందంటారా? ఇనుప మేకు దగ్గర ముక్కు చేసే పని ఏముంది?

రుచి చూసి మరీ తెచ్చుకునే ప్రమాదాలూ ఉన్నాయి. పగిలిన ట్రాక్టర్ బ్యాటరీ లోపలి సీసం పలకలను, ఎండిన పాత రంగు డబ్బాలను పశువులు, ముఖ్యంగా దూడలు, ఇష్టంగా నాకుతాయి. తర్వాత చూపు పోతుంది, పళ్లు కొరుకుతాయి, తలను గోడకు ఆనించి నెడతాయి. ఎముకల సంగతి ఇంకా విచిత్రం. బీడులో దొరికిన పాత ఎముకను ఆవు పట్టుకుని గంటలకొద్దీ నమలడం చాలామంది చూసే ఉంటారు. మేతలో భాస్వరం చాలకపోతే వచ్చే లక్షణం అది. ఇక్కడ పశువుకు నిజంగానే తెలుసు, తన ఒంటికి ఏం తక్కువైందో. ఆ తెలివే దాని ప్రాణం మీదికి తెస్తుంది. కుళ్లిన కళేబరపు ఎముకల్లో బొటులిజం అనే జబ్బు తెచ్చే క్రిమి విషం ఉంటే కాళ్లు చచ్చుబడి, నాలుక జారిపోయి, చివరికి ఊపిరి ఆగుతుంది. ఎముకలు ఏరేయడం, దాణాలో ఖనిజ లవణ మిశ్రమం కలపడం, రెండూ చేయాల్సిందే.

ఇక ఇనుము. పేడలో పోతుందన్నది కొన్నిటి విషయంలో నిజమే. మొన లేని నట్టు లాంటిది ఏ హానీ చేయకుండా ఏళ్ల తరబడి పొట్టలోనే పడి ఉండవచ్చు కూడా. అసలు చిక్కు మొన ఉన్నవాటితో. నెమరు వేసే పశువు పొట్టలో నాలుగు గదులు ఉంటాయి. బరువైన వస్తువులు చాలావరకు రెండో గదిలో, లోపలి గోడంతా తేనెతుట్టె గళ్లతో ఉండే చిన్న గదిలో దిగబడతాయి. ఆ గది సుమారు నిమిషానికోసారి గట్టిగా ముడుచుకుంటుంది. దాని ముందు డయాఫ్రం పొర, ఆ పొరకు అవతలే గుండె. మధ్య దూరం కొద్ది సెంటీమీటర్లు. తీగ మొన ఒకసారి గోడకు గుచ్చుకుంటే ప్రతి ముడుపూ దాన్ని మరికాస్త ముందుకు నెట్టగలదు. చూడి నెలలు నిండేకొద్దీ గర్భం ఒత్తిడి, ఈనేటప్పుడు నొప్పుల ఒత్తిడి దానికి తోడవుతాయి. అందుకే ఈ జబ్బు తరచుగా ఈతకు కాస్త ముందో వెనకో బయటపడుతుంది. ఇంట్లోవాళ్లు ఈనిన నీరసమనుకుని బెల్లం, శొంఠి పెడుతూ కూర్చుంటారు.

గుర్తుపట్టడం అంత కష్టం కాదు. పాలు ఒక్కసారిగా పడిపోతాయి. మేత మానుతుంది. వీపు పైకి వంచి, ముందు కాళ్ల మోచేతులు బయటికి తిప్పి నిలబడుతుంది. పల్లంలోకి దిగమంటే మొరాయిస్తుంది, పడుకునేటప్పుడు మూలుగుతుంది. ఈ దశలో వైద్యుడిని పిలిస్తే పొట్ట కోసి తీగను తీసే అవకాశం ఉంటుంది. మెడ నరం ఉబ్బి, గంగడోలులో నీరు దిగిందంటే తీగ గుండె సంచిని చేరినట్టే. అక్కడి నుంచి ఎవరూ పెద్దగా చేయగలిగింది లేదు.

అయస్కాంతం మంచి సాధనమే, దాన్ని తక్కువ చేయను. వేలి పొడవున్న ఆ కడ్డీని ముందుగానే మింగిస్తే రెండో గదిలో కూర్చుని ఇనుప ముక్కలను తనకు అతికించుకుంటుంది. ఇదివరకే వేశారో లేదో తెలియకపోతే పశువు ఎడమ మోచేయి వెనక దిక్సూచి పెట్టి చూస్తారు, ముల్లు కదులుతుంది. కాని రాగి తీగ, అల్యూమినియం రేకు, ప్లాస్టిక్, గాజు దానికి అంటవు. ఇంజెక్షన్ సూదుల్లో వాడే స్టెయిన్‌లెస్ స్టీలునూ గట్టిగా పట్టదు. ఇప్పటికే గోడ దాటిపోయిన తీగను వెనక్కి లాగుతుందన్న భరోసా లేదు. మీద ఇనుము పేరుకునేకొద్దీ దాని పట్టూ తగ్గుతుంది. పొలం నిండా తీగలు వదిలి అయస్కాంతం మీద భారం వేయడం తలకిందులు వ్యవహారం.

ఈ తీగలన్నీ ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఇల్లు కట్టినచోట మిగిలిన బైండింగ్ తీగ నుంచి, తుప్పు పట్టి తెగిన ముళ్ల కంచె నుంచి. ఇంకొకటి చాలామందికి తట్టదు: భోగి మంటలో వేసిన పాత టైర్లు. రబ్బరు కాలిపోతుంది, లోపలి సన్నటి ఉక్కు తీగలు బూడిదలో మిగులుతాయి. ఆ బూడిదను పొలంలో చల్లుతాం. గడ్డి కత్తిరించే యంత్రం ఇంకో పుణ్యం కట్టుకుంటుంది. మోపులో ఉన్న పొడవాటి తీగ కంటికి కనబడేది, పక్కన పారేసేవాళ్లం. యంత్రం దాన్ని మింగడానికి వీలైన ముక్కలుగా నరికి ఇస్తుంది. పాత స్పీకరులోని గుండ్రటి అయస్కాంతాన్ని తాడుకు కట్టి కంచె వెంబడి, ఇల్లు కట్టిన చోట, భోగి మంట వేసిన చోట లాక్కుంటూ తిరగండి. దానికి ఏమేం అంటుకున్నాయో చూశాక ఈ సందేశం గురించి నాతో వాదించనక్కరలేదు. అలాంటిదే ఒకటి గడ్డి యంత్రం నోటి దగ్గర బిగించినా మేలే.

"ప్లాస్టిక్ పట్నం ఆవుల గొడవ." పుట్టపర్తిలోని కరుణా సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ, ఆవుల పొట్టల్లో పేరుకుపోతున్న ప్లాస్టిక్ సంచుల మీద 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. పుట్టపర్తి ఏ మహానగరమూ కాదు. పైగా పల్లెకు దాని సొంత ప్లాస్టిక్ ఉంది. టమాటా, మిరప, పుచ్చ మళ్లలో పరిచిన మల్చింగ్ షీటు పంట అయ్యాక చిరిగి పీలికలవుతుంది. ఆ మళ్లలోకే మిగిలిన ఆకూ అలమూ మేయడానికి పశువులను తోలుతాం. వరిగడ్డి కట్టలకు యంత్రం చుట్టే ప్లాస్టిక్ దారాన్ని కోసి అక్కడే పారేస్తాం. ఎరువు బస్తా లోపలి పలచని సంచి సరేసరి, దానికి అంటుకున్న యూరియా ఉప్పగా ఉంటుంది. అలవాటు లేని పశువు యూరియా ఎక్కువగా నాకినా, యూరియా కరిగిన నీళ్లు తాగినా పొట్టలో అమ్మోనియా పుట్టి గంటల్లో చస్తుంది. ప్లాస్టిక్ మాత్రం అంత తొందరపడదు. అరగదు, బయటికి పోదు, ముద్ద కట్టి పెద్ద పొట్టను ఆక్రమిస్తుంది. పశువు కడుపు నిండుగా కనిపిస్తూ ఎండిపోతుంది. 120 మైక్రాన్ల కన్నా పలచని సంచులను 2022 చివరి నుంచి దేశమంతటా నిషేధించారు. సంతలో కూరగాయలు కొని చూడండి, నిషేధం ఎంత బాగా అమలవుతోందో తెలుస్తుంది.

అన్నిటిలోకీ నాకు కోపం తెప్పించేది పచ్చిమేత గురించి అన్న మాట. మందు కొట్టనిది కాబట్టి విషం కాదట! జొన్న నాము, అంటే కోసిన జొన్న మోడు నుంచి మళ్లీ లేచే పిలక, తిని పశువు చావడం చూసినవాళ్లు ఎవరూ ఈ వాక్యం రాయలేరు. లేత జొన్నలో, కోసిన మోళ్ల నుంచి వచ్చే పిలకలో, వానలు ముఖం చాటేసి గిడసబారిన పైరులో ధూరిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. మొక్కలో అది ఉన్నచోట ఉంటే చెడేమీ చేయదు. నమిలినప్పుడు కణాలు చితికి, దాన్ని విడగొట్టే ఎంజైములతో కలిసి సైనైడ్ పుడుతుంది. పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులూ ఆ పనికి సాయం చేస్తాయి. అందుకే గుర్రం కన్నా ఆవుకు, గేదెకు ముప్పు ఎక్కువ. రక్తంలో ప్రాణవాయువు నిండుగా ఉన్నా శరీరంలోని కణాలు దాన్ని వాడుకోలేవు. నెత్తురు బాగా ఎర్రగా ఉంటుంది, పశువు రొప్పుతూ తూలి పడిపోతుంది. నిమిషాల నుంచి కొద్ది గంటల్లో అంతా ముగుస్తుంది. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరంలోకి ఎక్కిస్తే బతికే అవకాశం ఉంది, కాని వైద్యుడు ఆలోపు చేరాలి.

దేవుడు నేర్పిన తెలివి ఇక్కడేమైంది? పశువు ఆ పిలకను ఆబగా తింటుంది. పచ్చగా, లేతగా, తియ్యగా ఉంటుంది మరి. ఎండు చొప్ప తిని విసిగిన పశువు ఎదురుగా మరేం కావాలి? కాబట్టి జాగ్రత్తపడాల్సింది యజమాని. జొన్నను పూత దశకు వచ్చాకే కోయాలి. ఎండకు వడలిన పైరుకు నీరు పెట్టి కొన్ని రోజులు ఆగాలి. కోసిన జొన్న చేలోకి, పిలకలు లేచాక, పశువులను వదలకూడదు. బాగా ఆరబెట్టిన చొప్పలోనూ, పాతర వేసిన మేతలోనూ విషం చాలా వరకు తగ్గిపోతుంది.

జొన్న ఒక్కటే కాదు. చెరువు గట్ల మీది తూటికాడ, రోడ్ల మధ్య అందానికి నాటిన గన్నేరు, కంచెల్లోని ఆముదం, ఉమ్మెత్త, వీటన్నిటికీ పురుగుమందు ఎవరూ కొట్టలేదు. గన్నేరు కొమ్మలు కత్తిరించి గడ్డి కుప్ప పక్కన పడేసే పంచాయతీ పనివాళ్లకు ఎవరైనా ఈ సంగతి చెబితే బాగుండు. వడలిన ఆకులోనూ ఆ విషం పోదు.

కరెంటు కంచె గురించి ఎక్కువ చెప్పక్కరలేదు. సోలార్ కంచె పరికరం క్షణకాలం ఉండే చిన్న చిన్న విద్యుత్ దెబ్బలు వేస్తుంది, వాటి మధ్య విరామం ఉంటుంది, పశువు వెనక్కి తగ్గుతుంది. అడవిపందుల కోసమని స్తంభం నుంచి నేరుగా లాగిన తీగలో విరామం లేదు. పైగా పశువు ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ. తెగిన తీగ పక్కన తడి నేల మీద నిలబడినా కరెంటు ఒంట్లోంచి పోతుంది. బుద్ధి తెచ్చుకునే వ్యవధి ఎక్కడిది? అలా తీగ లాగడం నేరం కూడా. ఆ తీగకు పాలేరు చనిపోయినా, పక్క పొలం రైతు చనిపోయినా జైలుకు వెళ్లేది పొలం యజమానే.

రాబందులు చూసుకుంటాయన్న మాట ఒకప్పుడు నిజం. పశువులకు నొప్పి తగ్గడానికి వేసిన డైక్లోఫినాక్ ఆ కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. 1990ల నుంచి అవి కుప్పకూలాయి. పశువులకు ఆ మందు వాడకాన్ని 2006లో నిషేధించారు, అప్పటికే చాలావరకు అయిపోయింది. ఆసిఫాబాద్ అడవుల్లో పాలరాపు గుట్ట మీద కొన్ని గూళ్లు కనబడితే అది వార్త అయ్యే స్థితి. ఇప్పుడు బీడులో వదిలిన కళేబరం దగ్గరికి వచ్చేవి కుక్కలు.

ఎండ సంగతి మరీ అమాయకం. దొమ్మ రోగంతో, అంటే ఆంత్రాక్స్‌తో, చనిపోయిన పశువును కోస్తే, నెత్తురుకు గాలి తగిలి ఆ క్రిమి గట్టి సిద్ధబీజాలుగా మారుతుంది. అవి ఎండకూ వానకూ లొంగకుండా మట్టిలో దశాబ్దాలు ఉంటాయి. బ్రిటిష్ సైన్యం 1942లో గ్రినార్డ్ అనే చిన్న స్కాటిష్ దీవిలో గొర్రెల మీద ఈ క్రిమిని ప్రయోగించి చూసింది. ఫార్మాల్డిహైడ్‌తో నేలను శుద్ధి చేసి, ఆ దీవి సురక్షితమని ప్రకటించేసరికి 1990 వచ్చింది. మన విశాఖ మన్యంలో చచ్చిన పశువు మాంసం కోసినవాళ్లకు చర్మానికి ఆంత్రాక్స్ సోకిన సంఘటనలు ఈ శతాబ్దంలోనే పలుమార్లు బయటపడ్డాయి. హఠాత్తుగా చచ్చి, ముక్కు నుంచో మలద్వారం నుంచో గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతున్న పశువును కోయకూడదు, తోలు తీయకూడదు. పశువైద్యుడికి చెప్పి, ఆయన చూపిన చోట లోతుగా పూడ్చాలి, లేదా పూర్తిగా కాల్చాలి. ఆ నెత్తురు పడిన చోట మేపడం మానుకోవాలి.

చివరగా, తాతలు. వాళ్ల పశువులు బతకలేదా అంటే, చాలా బతకలేదు. ముసర వ్యాధి వస్తే కొట్టాలకు కొట్టాలే ఖాళీ అయ్యేవి. అది 2011లో ప్రపంచం నుంచే మాయమైందంటే కారణం టీకాలు, పశువు తెలివి కాదు. ఇక బీడు విషయానికొస్తే, తాతల నేల మీద బైండింగ్ తీగ లేదు, మల్చింగ్ షీటు లేదు, బ్యాటరీ లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, వాళ్ల పశువుల వెంట కర్ర పట్టుకున్న కాపరి ఒకడు పొద్దస్తమానం ఉండేవాడు. జొన్న చేలో పిలక లేచిందని వాడికి తెలుసు, మందను ఆ వైపు పోనిచ్చేవాడు కాదు. మనం పొద్దున పలుపు విప్పి వదిలి సాయంత్రం పాలు పిండుకునే వేళకు వెతుకుతున్నాం. తాతల పద్ధతే కావాలంటే ముందు ఆ కాపరికి కూలి ఇవ్వాలి. అంత స్థోమత లేకపోతే, మేపే ముందు పొలం చుట్టూ ఒక గోనెసంచి పట్టుకుని తిరగడం దానికన్నా చాలా చవక.