డాక్టరు గదిలోని పరీక్ష బల్లగారికి

కర్నూలు

అయ్యా బల్లగారూ,

నమస్కారం. మొన్న మీ గదికి వచ్చినా గానీ పలకరించడానికి కుదరలేదు. మీరూ ఖాళీగా లేరులెండి. మీ ఆకుపచ్చ గుడ్డ మీద ఎక్స్‌రే కవర్ల కట్ట, మందుల కంపెనీ ఆయన వదిలిపోయిన సంచి, దాని మీద ఒక హెల్మెట్టు. తలగడ ఉండాల్సిన చోట మిఠాయి డబ్బా. మనిషి పడుకున్న ఆనవాలు మాత్రం యాడా కనపడలేదు.

నాది డోన్. వాలీబాల్ ఆడుతూ ఎగిరి దిగేటప్పుడు కుడి మోకాలు మెలిపడి లోపల టప్పుమనింది. రాత్రికల్లా గుమ్మడికాయంత వాపు. అప్పుడు మీ సారే అన్నారు: "ఇప్పుడు నొప్పికి కాలు బిగబడతావు, ఏం తెలీదు. వాపు తగ్గినాక రా, పడుకోబెట్టి చూస్తా."

నిజమే చెప్పినారు. నొప్పి ఉన్నన్నాళ్లు తొడ కండరాలు మోకాలిని బిగించి పట్టుకుంటాయి, ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీ, అదే లిగమెంటు, తెగినా చేతికి దొరకదు. వాపు దిగినాక మోకాలిని 20, 30 డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడను అదిమి, ఇంకో చేత్తో పిక్కను ముందుకు లాగి, బాగున్న కాలితో పోల్చి చూస్తారంట. దాన్ని లాక్‌మన్ పరీక్ష అంటారు. నిమిషం పని. కావాల్సిందల్లా రెండు చేతులు, ఒక బల్ల.

అందుకే ప్యాంటు పైకి రాదేమోనని లుంగీ కట్టుకొని బస్సెక్కినా.

కౌంటరులో ముందు షాకు. చీటీ గడువు నిన్నటితో అయిపాయనంట, ఫీజు మళ్లీ కట్టాలంట. ఈ రోజే రమ్మని రాసింది మీ సారే కదమ్మా అంటే, "అది సారు రాసింది, ఇది కంప్యూటరు రాసింది" అనింది ఆ పాప. కట్టినా. గద్వాల, రాయచూరు నుంచి వచ్చినోళ్ల మధ్య పొద్దు వాలేదాకా కూర్చున్నా.

లోపల సారు తల ఎత్తకుండానే "ఎట్లుంది?" అన్నారు. "మెట్లు దిగుతాంటే మోకాలు జారిపోతాంది సార్" అన్నా. లుంగీ ఎత్తి పట్టుకున్నా కూడా. ఆయన పాత ఎక్స్‌రేను ట్యూబులైటుకు ఎత్తి పట్టి, "ఎముక బాగుంది, ఏం కాలేదు" అన్నారు. ఎక్స్‌రేలో లిగమెంటు కనపడదు కదా సార్ అని నోటిదాకా వచ్చింది. అంతలోనే అవే మాత్రలు మళ్లీ రాసేసినారు, కాంపౌండరు ఇంకొకరి పేరు పిలిచేసినాడు. ఏ వ్యాయామం చేయాల, ఎప్పుడు పరుగెత్తొచ్చు, ఆ ముచ్చటే లేదు. మీరు అక్కడే ఉన్నారు, సాక్షి మీరే.

తొడ సన్నబడిందని కనిపెట్టింది ఎవరో తెలుసునా? మా వీధి దర్జీ. టేపు చుట్టి రెండు తొడలూ కొలిచి, "కుడిది అంగుళం తక్కువుందన్నా" అన్నాడు. ఆసుపత్రిలో చేయాల్సిన కొలత, ప్యాంటు కుట్టించుకోను పోతే ఉత్తపుణ్యానికి అయిపాయ.

ఇంటికి పోతే మా అవ్వ: "పుత్తూరికి పోయింటే కట్టు కట్టేవాళ్లన్నా చేత్తో పట్టుకొని చూసుందురు కదరా!" లిగమెంటుకు పుత్తూరు కట్టేం చేస్తుందవ్వా అనబోయి మానుకున్నా. ఆ "చేత్తో" అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు.

బల్లగారూ, నెల తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఈసారి పేరు పిలవగానే స్టూలు జోలికి పోను. ఆ కవర్లు, సంచి, హెల్మెట్టు నేనే కింద పెట్టి, నేరుగా మీ మీద పడుకుంటా. మిఠాయి డబ్బా మాత్రం సారు చేతికిస్తా. "లెయ్యప్పా" అని అరుస్తారు, అరవనీ. లేపడానికైనా ఎవరో ఒకరు నా కాలు పట్టుకొని లాగాల్సిందే కదా.

ఇట్లు,
మీ కోసం ఎదురుచూస్తున్న
డోన్ కుడి మోకాలు