సంఘం మహిళల చేతికి అందే యంత్రం

పల్లికాయలను యంత్రం లేకుండా ఒలవాల్సి వచ్చిన చోట వాటిని ముందు తడపడం చాలా దేశాల్లో ఉన్న అలవాటే. పొట్టు మెత్తబడి వేళ్లకు శ్రమ తగ్గుతుంది గానీ, ఆ తడికే గింజ బూజుపట్టి, కాలేయాన్ని దెబ్బతీసే అఫ్లటాక్సిన్ చేరే ముప్పు పెరుగుతుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో పల్లి ప్రధాన పంట కాబట్టి, చౌకైన ఒలుపు యంత్రం మనకు ఆదాయంతో పాటు ఆరోగ్యానికీ సంబంధించిన విషయం.

సూక్ష్మ ఆహారశుద్ధి పరిశ్రమల కోసం కేంద్రం 2020లో ప్రారంభించిన పథకం యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీ ఇచ్చేలా రూపొందింది. స్వయం సహాయక సంఘంలోని సభ్యురాలికి నిర్వహణ పెట్టుబడికి, చిన్న పనిముట్లకు 40 వేల రూపాయల దాకా మూలధనం కూడా అందులో చేర్చారు. ఈ రెండో భాగమే మాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తోంది. అయితే ఆ డబ్బుకు తగిన పనిముట్టు బజారులో దొరకాలి కదా!

పెద్ద గిర్నీల కోసం తయారైన నమూనానే కుదించి ఇస్తే పని జరగదు. ఇంటికి వచ్చేది సింగిల్ ఫేజ్ కరెంటు. త్రీఫేజ్ మోటారు కొంటే అది మూలన పడుతుంది. ధాన్యం పోసే తొట్టి తలకంటే ఎత్తున ఉంటే బస్తా ఎత్తడానికి మగమనిషి కోసం ఎదురుచూడాలి. కొర్రకు, సామకు, జొన్నకు గింజ పరిమాణం వేరు గనుక జల్లెడలు సులువుగా మార్చుకునే వీలు లేకపోతే నూకే మిగులుతుంది. నల్లగొండ బత్తాయి రసం తీసే యంత్రం సంగతి మరీ సున్నితం. గింజ నలిగినా, తొక్క కింది తెల్లపొర కలిసినా రసం కాసేపటికే చేదెక్కుతుంది. కాబట్టి ఎంత గట్టిగా పిండుతుందన్న దానికంటే ఎక్కడ ఆగుతుందన్నదే ఆ యంత్రానికి అసలు పరీక్ష.

ఇవి తీరని చిక్కులేమీ కావు. ఫోనియో అనే సన్నని చిరుధాన్యాన్ని ఇసుకతో కలిపి రోట్లో దంచే సెనెగల్ మహిళల కష్టానికి పరిష్కారంగా, అదే దేశపు ఉపాధ్యాయుడు సనూసీ డియాకితే పొట్టుతీసే యంత్రాన్ని రూపొందించి 1996లో రోలెక్స్ పురస్కారం అందుకున్నారు. మాలి మహిళల అవసరం నుంచి పుట్టిన పల్లికాయల యంత్రాన్ని సిమెంటుతో పోతపోస్తారు, చేత్తో తిప్పుతారు. అచ్చు ఉంటే ఊళ్లోనే తయారవుతుంది. మన దేశంలోనూ భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ కూర్చుని నడిపే పల్లికాయల యంత్రాన్ని తయారుచేసింది.

పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం, కంపాసాగర్, గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాలు, రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ మనకు దగ్గరలోనే ఉన్నాయి. సబ్సిడీ జాబితాలో చేర్చే ప్రతి యంత్రాన్నీ ఈ సంస్థలు ముందుగా ఒక పంటకాలం పాటు మహిళా సంఘాలతో నడిపించి చూడాలి. వారు వద్దన్నదాన్ని జాబితా నుంచి తీసేయాలి. బేరింగులు, జల్లెడలు, బెల్టులు మండల సమాఖ్యల వద్ద అందుబాటులో ఉంచి, స్థానిక వెల్డింగ్ దుకాణాల వారికి, సంఘాల్లోని యువతులకు మరమ్మతు నేర్పే ఖర్చును ప్రభుత్వం యంత్రం ధరలోనే కలిపి మంజూరు చేయాలి.