ఎర్త్ పిన్ను పీకమన్న మహానుభావుడికి

“చచ్చిన మైకును ఇంట్లోనే బతికించే ఆరు చిట్కాలు” అంటూ ఒక మెసేజ్ నెల్లూరు, ఒంగోలు గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. చవితి దగ్గరపడేకొద్దీ పందిరి కమిటీల కుర్రాళ్ళు అది చదివి స్క్రూడ్రైవర్లు తీస్తున్నారు. పంపినవాళ్ళే మళ్ళీ పంపుతున్నారు. గమ్మున ఉందామంటే అందులో అయిదో చిట్కా ఉండనివ్వలేదు.

ఒకటి, స్విచ్చు చూసుకోమన్నారు. చూసుకోండి.

రెండు, గ్రిల్లులోకి, అంటే మైకు తలమీది జాలీలోకి, గట్టిగా ఊదమన్నారు. లోపలుండేది గొంతుకు అదిరే ఉల్లిపొరలాంటి డయాఫ్రమ్. దానికి ఉమ్మి పట్టించడం తప్ప ఊదితే ఒరిగేదేమీ లేదు. వేలితో మెల్లగా రెండుసార్లు తట్టండి, చాలు.

మూడు, తడిసిన మైకును బియ్యంలో పూడ్చమన్నారు. మొలగొలుకులైనా సరే, వండుకోవడానికే పనికొస్తాయి. గ్రిల్లు ఊడదీసి ఫ్యాను కింద రెండు రోజులు పెట్టండి.

నాలుగు, మిక్సర్ మీద 48 వోల్టుల ఫాంటమ్ (కేబుల్ గుండానే మైకుకు కరెంటు పంపే బటన్) నొక్కితే ఏ మైకైనా లేస్తుందట. పోడియం మీది సన్నమెడ కండెన్సర్ మైకులకు అది కావాలి. చేత్తో పట్టుకునే డైనమిక్ మైకుకు అక్కర్లేదు. శబ్దం పెంచి తగ్గించే ఫేడర్ మీట దించకుండా నొక్కితే మాత్రం స్పీకర్లు ఢామ్మంటాయి.

ఇక అయిదోది. “గుయ్‌మని శబ్దం వస్తుంటే యాంప్లిఫైయర్ త్రీపిన్ ప్లగ్గులో లావు పిన్ను పీకేయండి, మాయం.” శబ్దం మాయమే. మైకు పట్టుకున్న మనిషి కూడా మాయం కావచ్చని రాయడం మరిచిపోయారు. ఆ లావు పిన్నే ఎర్త్, యాంప్లిఫైయర్ ఇనపపెట్టె దానికే కలిసి ఉంటుంది. మైకు కేబుల్ షీల్డ్, అంటే తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగు, ఆ పెట్టెకు, మైకు మెటల్ ఒళ్ళు ఆ షీల్డుకు. లోపల ఫేజ్ వైరు పెట్టెకు తగిలినప్పుడు ఎర్త్ సరిగా ఉంటే ఫ్యూజు ఎగిరిపోతుంది. లేకపోతే 230 వోల్టులు గ్రిల్లు దాకా వచ్చి, పెదవి తగిలేదాకా కాచుక్కూర్చుంటాయి. ఆ పెదవి ఎవరిది? అభిషేకం నీళ్ళలో చెప్పుల్లేకుండా నిలబడ్డ పంతులుగారిది! కరెంటుకు ఇంతకన్నా రాచబాట ఎక్కడ దొరుకుతుంది?

గుయ్‌కు కారణం చాలాసార్లు ఇదీ: మిక్సర్ ఒక సాకెట్లో, యాంప్లిఫైయర్ ఇంకో దాంట్లో, ల్యాప్‌టాప్ మూడో చోట. ఎర్త్ రెండు మూడు దారుల్లో చుట్టుకుని 50 హెర్ట్జ్ మోత పుడుతుంది. అన్నిటినీ ఒకే జంక్షన్ బాక్సుకు పెట్టండి. పోకపోతే ల్యాప్‌టాప్ లైనులో, పాటను పోనిచ్చి ఎర్త్ దారిని తెంపే ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వెయ్యండి. పందిరి లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంపేసే స్విచ్చు) పెట్టించండి. మైకు ఎవరి చేతికైనా ఇచ్చేముందు మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి గ్రిల్లుకూ ఎర్త్‌కూ మధ్య చూడండి. పదుల్లో అంకె కనబడిందా, మెయిన్ దించండి.

ఇన్ని చెప్పిన పెద్దమనిషి కేబుల్ మాటే ఎత్తలేదు! మైకు మూగబోతే ముందు అనుమానించాల్సింది దాన్నే. వేరే కేబుల్‌తో పలికితే మైకు బాగున్నట్టే. పాతదానికి మీటర్‌ను బీప్ మీద పెట్టి రెండు కొసల ప్లగ్గుల పిన్నులు చూస్తే 1కి 1, 2కి 2, 3కి 3 బీప్ రావాలి, ఒక పిన్నుకూ ఇంకోదానికీ మధ్య రాకూడదు. ప్లగ్గు దగ్గర వంచుతుంటే బీప్ వచ్చిపోతోందంటే తీగ అక్కడే తెగింది. మూడంగుళాలు కోసి పారేసి కొత్తగా టంకం పెట్టండి. ప్లగ్గులో కేబుల్‌ను పట్టి ఉంచే క్లాంపు, లోపలి తీగల మీద కాదు, పైతొడుగు మీద బిగియాలి. కేబుల్‌ను మోచేతికి చుట్టే అలవాటు మానకపోతే వచ్చే చవితికి మళ్ళీ ఇదే పని. కేబుల్ మంచిదే, చేతి మైకే పలకదంటే క్యాప్సూల్ (డయాఫ్రమ్, కాయిల్ ఉండే తలభాగం) రెండు టెర్మినళ్ళ మధ్య ఓమ్‌లు చూడండి. వందల్లో అంకె వస్తే కాయిల్ బతికే ఉంది, తప్పు స్విచ్చులోనో టంకంలోనో వెతకాలి. మీటర్ కదలకపోతే కొత్త క్యాప్సూలే.

ఆరోది చదివాక మాత్రం నోరు మూసుకోవాల్సి వచ్చింది. గొంతు మసకగా వస్తుంటే గ్రిల్లు మర విప్పి, లోపలి స్పాంజిని సబ్బునీళ్ళలో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించమన్నారు. అక్షరాలా నిజం. ఏళ్ళ తరబడి చేరిన ఉమ్మీ వక్కపొడీ అక్కడే ఉంటాయి. మిగతా అయిదూ చెరిపేసి ఆ ఒక్కటే ఫార్వర్డ్ చేసుకోండి, అబ్బయ్యా.