జడ్జిని ఎవరు ఎంచుకోవాలో తర్వాత, ముందు ఆ ఫైలు ఎక్కడుందో చెప్పండి

హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీల నియామకం మీద చర్చ మొదలైతే చాలు, మనవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు. ఒకరు సీనియర్ జడ్జీలే కొత్త జడ్జీలను ఎంచే కొలీజియం వద్దంటారు, ఇంకొకరు ప్రభుత్వం చేతికిస్తే కోర్టుల పని అయిపోయినట్టే అంటారు. ఇద్దరి దగ్గరా సరుకుంది. కానీ ఎంపిక ఎవరు చేసినా, ఆ పేరే ఎందుకు పంపారో, ఫైలు ఏ టేబుల్ మీద ఎన్నాళ్లు కూర్చుందో మనకు చెప్పాల్సిన బాధ్యత ఇవాళ ఎవరి మీదా లేదు. నా గొడవంతా దీని గురించే.

ప్రభుత్వం మీద అనుమానం ఊరికే పుట్టింది కాదు. 1973లో రాజ్యాంగ మూల స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదన్న కేశవానంద భారతి తీర్పు రాగానే, సర్కారుకు నచ్చని తీర్పు రాసిన సీనియర్ జడ్జీలు షెలాత్, హెగ్డే, గ్రోవర్‌లను దాటేసి ఎ.ఎన్.రేని సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిని (సీజేఐ) చేశారు. ఎమర్జెన్సీలో పౌరుల పక్షాన ఒంటరిగా నిలబడిన హెచ్.ఆర్.ఖన్నాకు 1977లో అదే గతి పట్టింది. ఆ చేదు అనుభవం వెనకుంది కాబట్టే 1993లో తొమ్మిదిమంది జడ్జీల బెంచ్ నియామకాల్లో న్యాయవ్యవస్థదే పైమాట అని తేల్చింది. రాజ్యాంగంలో ఎక్కడా కనిపించని కొలీజియం అలా వచ్చింది. సీజేఐకి వీటో లాంటి అధికారం ఇవ్వడం ప్రమాదమని 1949లోనే అంబేడ్కర్ రాజ్యాంగ సభలో హెచ్చరించిన సంగతి మాత్రం కొలీజియం అభిమానులు పెద్దగా ఎత్తరు.

2014లో పార్లమెంటు కొలీజియం బదులు ఎన్‌జేఏసీ అనే నియామకాల కమిషన్ తెచ్చింది. సీజేఐ, ఇద్దరు సీనియర్ జడ్జీలు, న్యాయ మంత్రి, ఇద్దరు ప్రముఖులు. వీళ్లలో ఏ ఇద్దరు కాదన్నా పేరు ఆగిపోతుంది. 2015 అక్టోబర్ 16న సుప్రీంకోర్టు 4-1తో కొట్టేసింది. ఆ ఒక్కరూ మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. కొలీజియం రికార్డులు బయటివాళ్లకే కాదు, సీజేఐ కాలేకపోయిన తోటి జడ్జీలకు కూడా అందవని ఆయన తీర్పులోనే రాశారు. ఆ మరుసటి ఏడు తనే కొలీజియంలో ఉండి కూడా, ఎవరేమన్నారో రాసిపెట్టందే సమావేశాలకు రానని కూర్చున్నారు. దేశ అత్యున్నత కోర్టులో మినిట్స్ కోసం ఒక జడ్జి అలగాల్సి వచ్చిందంటే ఇంకేం చెప్పాలి?

2017 అక్టోబర్ నుంచి తీర్మానాలు వెబ్‌సైట్‌లో పెట్టడం మొదలైంది. మొదట్లో కారణాలు కూడా ఉండేవి, పోనుపోను పేర్లు మిగిలాయి, కారణాలు పలచబడ్డాయి.

ఇక అవతలి పక్షం. ప్రభుత్వం పేరును కాదనక్కర్లేదు, ఫైలు కదపకుండా ఉంటే చాలు. 2018 జనవరిలో కొలీజియం ఉత్తరాఖండ్ హైకోర్టు చీఫ్ జస్టిస్ కె.ఎం.జోసెఫ్ పేరు సుప్రీంకోర్టుకు పంపింది. ఏప్రిల్‌లో తిప్పి పంపారు, మళ్లీ పంపితే ఆగస్టులో నియమించారు, ఈలోపు ఆయన సీనియారిటీ కిందికి జారింది. మన దగ్గర సీజేఐ ఎవరవుతారో, కొలీజియంలో ఎవరు కూర్చుంటారో తేల్చేది ఆ సీనియారిటీయే, కాబట్టి కొన్ని నెలల జాప్యాన్ని ఆఫీసు బద్ధకం అని సర్దుకుపోలేం. సీనియర్ లాయర్ సౌరభ్ కృపాల్ పేరు ఢిల్లీ హైకోర్టుకు 2021 నవంబర్‌లో సిఫార్సు చేశారు, 2023 జనవరిలో మళ్లీ పంపారు, అయినా ఏళ్ల తరబడి కదల్లేదు. కర్ణాటకలో సీనియర్ లాయర్ ఆదిత్య సోంధి ఎదురుచూసి ఎదురుచూసి 2022లో జడ్జి పదవికి ఇచ్చిన సమ్మతినే వెనక్కి తీసుకున్నారు.

కొలీజియం రెండోసారి పంపితే మూడు నాలుగు వారాల్లో నియమించాలని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే చెప్పింది. పాటించకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఈ జాప్యం మీద సుప్రీంకోర్టులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ బెంచ్ ముందున్న కేసు 2023 డిసెంబర్‌లో లిస్టులోంచే మాయమైంది, తాను తీసేయమనలేదని ఆయనే కోర్టు హాల్లో చెప్పారు. అదే నెలలో రిటైరయ్యారు.

ఇప్పుడు కింది కోర్టు వైపు చూడండి. జూనియర్ సివిల్ జడ్జి కావాలనుకునే కుర్రాడికి ఏపీలో అయినా తెలంగాణలో అయినా నోటిఫికేషన్, రాత పరీక్ష, ఇంటర్వ్యూ అన్నీ ఉన్నాయి. 2025 మేలో మూడేళ్ల ప్రాక్టీస్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు మళ్లీ రూలు పెట్టింది. కింద ఇన్ని జల్లెడలు పెట్టినవాళ్లు, హైకోర్టు బెంచ్‌కు లాయర్లను తీసుకునేటప్పుడు దరఖాస్తు కూడా అడగరు. పదేళ్ల ప్రాక్టీస్ ఉండి పెద్దల కంట్లో పడితే చాలు. ఫస్ట్ జనరేషన్ లాయర్‌కి, ఊరి కోర్టులో దుమ్ము దులిపినవాడికి ఆ కంట్లో పడే దారేంటో ఏ రూలులోనూ లేదు.

నన్నడిగితే, రాజ్యాంగం జోలికి పోకుండానే రెండు పనులు చెయ్యొచ్చు. మళ్లీ పంపిన పేరును గడువు దాటాక ఆమోదించినట్టే లెక్కేసుకోవాలి, దానికి చట్టం కావాలంటే చట్టమే తేవాలి. కొలీజియం కూడా ఎంపిక కొలమానాలు ముందే ప్రకటించి, ఎంచుకున్న ప్రతి పేరుకూ కారణం రాయాలి. కారణాలు బయటపెడితే మనుషుల పరువు పోతుందంటారు. తిరస్కరించినవాళ్ల విషయంలో అది నిజమే, ఆ వివరాలు దాచుకోండి. కానీ 2023 జనవరిలో కృపాల్ మీద ప్రభుత్వం చెప్పిన అభ్యంతరాలనీ, తమ జవాబునీ కొలీజియం వెబ్‌సైట్‌లో పెట్టేసింది. న్యాయ మంత్రికి కోపం వచ్చింది తప్ప కొంపలేం మునగలేదు, పైగా కృపాల్‌ని ఎందుకు ఆపారో జనానికి అధికారికంగా తెలిసింది.