ఊరే లేని ఊరికి టికెట్టా?

ముందు సంగతి చెప్పేస్తా. మాంట్‌సెరాట్ అని కరీబియన్‌లో ఒక బుల్లి దీవి ఉంది, మొత్తం కలిపి 102 చదరపు కిలోమీటర్లు, ఇప్పటికీ బ్రిటన్ కిందే. 1995 జులైలో అక్కడి సూఫ్రియేర్ హిల్స్ అగ్నిపర్వతం లేచింది, 1997 కల్లా రాజధాని ప్లిమత్ బూడిదలో పూడిపోయింది, పది వేలు దాటిన జనంలో సగానికి పైగా దీవి వదిలేశారు, చాలామంది ఇంగ్లండ్ చేరారు. అప్పుడు నడివయసులో వచ్చినవాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళు. కింద మాట్లాడుకునే అక్కా తమ్ముడూ నేను కల్పించినవాళ్ళే, ప్లిమత్ పక్కన కిన్సేల్‌లో పుట్టి, 1998లో లండన్ వచ్చి, మళ్ళీ అటు తొంగి చూడనివాళ్ళు అనుకోండి. ఆవిడ రిటైరైన నర్సు, ఆయన బస్సు నడిపాడు. దీవి సంగతులు మాత్రం నిజం.

అక్క: ఒరేయ్, టికెట్లు చూశాన్రా. ఇక్కణ్ణించి ఆంటిగ్వా, అక్కణ్ణించి చిన్న విమానం, ఇరవై నిమిషాలు కూడా పట్టదు. మార్చిలో సెయింట్ పాట్రిక్స్ పండగ వారానికి అక్కడుంటాం. నీ పాస్‌పోర్ట్ చెల్లుతుందో లేదో చూస్కో.

తమ్ముడు: ఎక్కడికక్కా? కిన్సేల్‌కా? మ్యాప్‌లో పేరు తప్ప ఏముందక్కడ. దిగే ఎయిర్‌పోర్ట్ కూడా మనకి తెలిసింది కాదు, మన పాత బ్రాంబుల్ ఎయిర్‌పోర్ట్ 1997లోనే పోయింది, ఇప్పుడు ఉత్తరాన జెరాల్డ్స్‌లో కొండ మీద 2005లో తెరిచిన రన్‌వే, దాని కింద సొరంగంలోంచి రోడ్డు. మనం అటువైపు ఎప్పుడన్నా పోయామా చిన్నప్పుడు? నార్త్ అంటే మేకలు మేపుకునే చోటు అనుకునేవాళ్ళం.

అక్క: ఆ మేకలు మేపుకునే చోటే మనకి తలదాచుకోడానికి చోటిచ్చింది. చర్చిలో, స్కూల్లో, ఒక్క హాల్లో అన్ని కుటుంబాలు, మధ్యలో దుప్పట్లు వేలాడదీసుకుని పడుకున్నాం, వాళ్ళెవరూ మనల్ని చిన్నచూపు చూడలేదే.

తమ్ముడు: అవన్నీ గుర్తున్నాయి కాబట్టే రానంటున్నా. మనం అక్కడ దుప్పట్ల చాటున పడుకుంటే ఇక్కడ మినిస్టర్ క్లేర్ షార్ట్ ఏమంది? వీళ్ళు ఇంకొన్నాళ్ళకి బంగారు ఏనుగులు కావాలంటారు అంది. నేను అడిగింది ఏనుగులు కాదు. నా ఇల్లు బూడిద కిందకి పోయింది, ఇన్సూరెన్సు వాళ్ళు చేతులెత్తేశారు, బ్యాంకు లోన్ మాత్రం బూడిద పడకుండా పైనే ఉండిపోయింది, లేని ఇంటికి లండన్‌లో బస్సు నడిపి వాయిదాలు కట్టాను, తెలుసా నీకు?

అక్క: తెలుసురా, సగం నేనే సర్దాను. కానీ ఆ మినిస్టర్ మీద కోపం ఊరి మీద చూపిస్తావేంటి? ఆవిడ దేశంలోనే ఇన్నేళ్ళు కూర్చుని పెన్షన్ తీసుకుంటున్నావు, దానికి లేని రోషం విమానం ఎక్కడానికి వచ్చిందా?

తమ్ముడు: మాట తప్పించకు. ప్లిమత్‌లోకి ఎలా వెళ్తారో తెలుసా? దీవిలో సగానికి పైగా ఇంకా ఎక్స్‌క్లూజన్ జోన్, అంటే కొండ భయానికి జనాన్ని ఉండనివ్వని చోటు. పర్మిషన్ ఉన్న గైడు ఉండాలి, గేటు దగ్గర పేర్లు రాయాలి, ఆ గైడు వైర్‌లెస్ పట్టుకుని కొండని కనిపెట్టుకునుండే అబ్జర్వేటరీ వాళ్ళతో మాట్లాడుతూ ఉంటాడు, కొండ కాస్త గుర్రుమంటే వెనక్కి పరుగు. మన వీధి మనం చూడ్డానికి డబ్బు కట్టాలి. ఆ వ్యాన్‌లో పక్కన కెనడా నుంచి వచ్చినాయన టోపీ పెట్టుకుని, మాంట్‌సెరాట్ స్ప్రింగ్స్ హోటల్ స్విమ్మింగ్ పూల్ నిండా బూడిద ఉంది చూడండి అని ఫోటోలు తీస్తుంటాడు, నేను ఆయన పక్కన నిలబడి అవునండీ అనాలా?

(ఇక్కడ నేను తమ్ముడి పక్షమే. రెండో అంతస్తు కిటికీలు నేల మట్టానికి వచ్చిన ఊరిని టూరిస్టు ఎంతసేపైనా చూడగలడు. ఆ కిటికీలోంచి ఒకప్పుడు కింద వీధిలోకి చూసినవాడి సంగతి వేరు.)

అక్క: గైడుకి ఇచ్చే డబ్బు ఎవడికి పోతుందిరా? మనవాళ్ళ పిల్లాడికేగా. వాడు ఊళ్ళోనే ఉండిపోయాడు, నువ్వు ఉండలేదు. వాడికి ఆ డబ్బులివ్వడానికి నీకు సిగ్గెందుకో నాకర్థం కావట్లేదు.

తమ్ముడు: సరే, ఆ ఇసుక సంగతో? కొండ మీంచి కొట్టుకొచ్చిన బూడిదా ఇసుకా లారీలకెత్తి, ప్లిమత్ జెట్టీ దగ్గరే ఓడల్లో పోసి పక్క దీవులకి అమ్ముతున్నారు, వాళ్ళు కాంక్రీట్‌లో కలుపుకుంటున్నారు. ఎవరి వంటింటి మీద పడిందో ఆ ఇసుక.

అక్క: అమ్మనీరా. పత్తి పోయింది, పొలాలు పోయాయి, ఉన్నవాళ్ళు ఏం తిని బతకాలి? 1997 జూన్ 25న చచ్చిపోయిన 19 మందిలో ఎక్కువమంది ఎందుకు వెళ్ళారు ఆ జోన్‌లోకి? పంట వదులుకోలేకే కదా. ఇప్పుడు ఇసుకతో నలుగురికి కూలి దొరుకుతుందంటే నీకు కడుపుమంట దేనికి?

తమ్ముడు: ఉన్నవాళ్ళు ఎవరక్కా అసలు? 5,000 మంది కూడా లేరు, అందులోనూ గయానా వాళ్ళు, జమైకా వాళ్ళు, డొమినికన్ రిపబ్లిక్ వాళ్ళు బోలెడు మంది. నిన్నెవరు గుర్తుపడతారు అక్కడ?

అక్క: గుర్తుపట్టకపోతే నేనే వెళ్ళి చెప్తా నేనెవరో. మనం పరాయి దేశం వచ్చి ఆస్పత్రుల్లో, బస్సుల్లో ఏం చేశామో వాళ్ళు అక్కడ అదే చేస్తున్నారు. దీవి వదిలి రామని మొండికేసిన ముసలివాళ్ళు ఉన్నారే, వాళ్ళకి ఇళ్ళు కట్టింది, మందులిచ్చింది మనమా వాళ్ళా? నువ్వైతే క్రిస్మస్‌కి ఫోన్ చేసేవాడివి, అదీ లైన్ దొరికితే.

తమ్ముడు: నీ మోకాళ్ళు, నీ బీపీ... అక్కడి ఆస్పత్రి ప్లిమత్ నుంచి దీవి ఉత్తరాన సెయింట్ జాన్స్ ఊళ్ళో స్కూల్ బిల్డింగ్‌లోకి మారింది, పెద్ద కేసు అయితే ఆంటిగ్వాకో గ్వాడెలూప్‌కో ఎత్తుకెళ్ళాల్సిందే.

అక్క: నర్సుకి చెప్తున్నావా ఇది.

తమ్ముడు: సరే, అమ్మ సంగతి చెప్పు. ప్లిమత్‌లో సెయింట్ ఆంథనీ చర్చి దగ్గర సమాధి చేశాం. ఎక్కడని వెతుకుతావు? అంతా చదును. చూడకపోతే అమ్మ నాకు అక్కడే, ఆ తెల్ల శిలువ కింద ఉంది. చూస్తే అదీ పోతుంది.

అక్క: ఒరేయ్, ఆ శిలువ ఉన్నన్నాళ్ళూ ఈస్టర్‌కి తప్ప వెళ్ళావా నువ్వు? అదీ నేను చెవి పట్టుకుని లాక్కెళ్తేనే. నాకు ఆ చోటు కనపడక్కర్లేదు. నాకేం కావాలో చెప్పనా? ఆరుబయట, కట్టెల పొయ్యి మీద, నల్లగా మసిపట్టిన ఆ పెద్ద డేగిశాలో గోట్ వాటర్, మన మేక పులుసు, ఉడుకుతుంటే లవంగం వాసన రోడ్డు దాకా రావాలి, కప్పులో పోయించుకుని బన్ను ముంచుకుని తినాలి, పక్కన నిలబడ్డవాళ్ళు మన యాసలో అరుచుకోవాలి. తర్వాత వేషాలు కట్టి ఆడే మాస్కరేడ్ వాళ్ళు రావాలి, ఆ ఎత్తు టోపీలు, రంగు రిబ్బన్లు, కొరడా దెబ్బ నేల మీద ఛెళ్ళుమనాలి. లండన్‌లో ఇరవై రకాలుగా వండుకున్నాన్రా ఆ మేక పులుసు, గ్యాస్ స్టవ్ మీద రాదు అది.

తమ్ముడు: ఐరిష్ పండగ పేరు పెట్టి, పాస్‌పోర్ట్ మీద మూడాకుల ముద్ర కొట్టి టూరిస్టులకి అమ్మే తిరునాళ్ళు అది.

అక్క: నోరు కడుక్కో ముందు. 1768 మార్చి 17న, దొరలు తాగి పడుంటారని చూసి బానిసలు తిరగబడదామనుకున్న రోజు అది, బయటపడిపోతే తొమ్మిది మందిని ఉరి తీశారు. కడ్జో అనే బానిస తల నరికి చెట్టుకి వేలాడదీశారని ఆ చోటికి ఇప్పటికీ కడ్జో హెడ్ అనే పేరు. ఈ కథ నీకు నాన్న చెప్పలేదా? టూరిస్టు వస్తే రానీ, వాడి కోసం మనం మానుకుంటామా మన పండగ?

తమ్ముడు: ...ఎక్కడ దిగుతాం? సేలమ్ ఊరి వైపా? అదీ ఒకసారి ఖాళీ చేయించారుగా.

అక్క: 1997లో చేయించారు, మరుసటేడు మళ్ళీ రానిచ్చారు. అక్కడే ఒక గది మాట్లాడాను.

తమ్ముడు: మాట్లాడేశావన్నమాట! నన్ను అడగడం దేనికి మరి? సరే విను. గరిబాల్డి హిల్ దాకా వస్తా. అక్కణ్ణించి ప్లిమత్ కనిపిస్తుంది కదా, చాలు. గేటు దాటి లోపలికి రాను, బతిమాలినా రాను. ఇంకోటి, నా టికెట్ డబ్బులు నేనే కట్టుకుంటా, నువ్వు కట్టి తర్వాత చర్చిలో పదిమందికీ చెప్పుకోవద్దు.

అక్క: నువ్వు కట్టినా సరే, నేనే కట్టానని చెప్పుకుంటా.